హీరోయిన్ వైకుంఠరావు గారు

దుక్క వైకుంఠరావు గారు గొప్పవారు కారని నేనెక్కడా అనలేదు. నా కొట్లోంచి పట్టుకెళ్ళిన ఆకుపచ్చ పట్టుచీర తిరిగివ్వలేదని మాత్రమే అన్నాను. అంతమాత్రానికే ఆయన అనుచరులు నన్ను కళాద్రోహి అన్నారు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కళాద్రోహి అంటే తిట్టో బిరుదో వెంటనే తేలలేదు. మర్నాడు కొట్టు ముందు బెంచీ విరగ్గొట్టారు గనక తిట్టే అయి ఉంటుందని అర్థం చేసుకున్నాను. అంచేత అసలు జరిగిందేమిటో, ఆయన గొప్పతనానికి ఏ లోటూ రాకుండా, పేపరు చదివే నలుగురికీ మనవి చేసుకుంటున్నాను.

కథ బరంపురం టౌన్‌హాల్లో మొదలైంది. సాంస్కృతిక మంత్రిగారు మైకు పట్టుకుని ఇలా ప్రకటించారు: "తానెవరో తానే చెప్పుకునే హక్కును ప్రతి మనిషికీ మా ప్రభుత్వం మంజూరు చేసింది. ఎవరు ఎవరో మాత్రం జిల్లా కమిటీ తేలుస్తుంది." చప్పట్లు ఆగాక అసలు సంగతి చెప్పారు. ఆ హక్కు మీద సర్కారు ఖర్చుతో ఒక సినిమా తీస్తారు. అందులో మాటలకన్నా పాటలెక్కువ. పుట్టుకకి మగపిల్లాడై మనసుకి ఆడపిల్లైన మనిషి కథ. ఇలాంటివాటిని క్వీర్ మ్యూజికల్ అంటారట. పథకం పేరు 'ఆత్మగుర్తింపు'.

వైకుంఠరావు గారు మా గోసాని నువాగాం వార్డుకి పార్టీ అధ్యక్షులు. భువనేశ్వరం నుంచి ముందురోజే ఆయనకి ఫోనొచ్చింది, సభలో క్వీర్ మ్యూజికల్ ఉంటుంది, ఏర్పాట్లు చూడమని. ఫోన్లో గరగర. ఆయనకి 'ఖీర్' అని, అంటే పాయసమని, వినిపించింది. ఏనాడూ పై నుంచి వచ్చిన మాటని తిరిగి అడిగే మనిషి కాదు. రెండు గుండిగల ఖీరు కాయించారు, జీడిపప్పు వేయించి పోయించారు. మంత్రిగారు రెండు గిన్నెలు తిని, "సినిమా కూడా ఇంత చిక్కగా రావాలి" అని, ఖీరు ఎవరు చేయించారో కనుక్కుని, ఆ మనిషినే సినిమా చూసుకునే ఆ జిల్లా కమిటీకి చైర్మన్ని చేసి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ పథకాన్ని మా వీధిలో ఖీరు పథకమనే అంటారు.

ఇక నా సంగతి. నా పేరు తవిటయ్య. వేషాలు అద్దెకిచ్చే కొట్టు నాది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర. అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు ఏదో ఒక వేషం కట్టి వీధుల్లో తిరిగి మొక్కు తీర్చుకోవాలి. పులి, రాక్షసుడు, పోలీసు, ఎవరికేది తోస్తే అది. మగవాళ్ళు ఎక్కువగా మొక్కేది మాత్రం ఆడవేషం. మామూలు రోజుల్లో చీర కట్టిన మగాణ్ణి ఏ వీధిలో రాళ్ళేసి తరుముతారో, జాతరప్పుడు అదే వీధిలో ఆ మగాడి కాళ్ళకి దండం పెడతారు. ఇందులో నాకు ఫిర్యాదేమీ లేదు, నా వ్యాపారమే అది.

ఆ చీరలన్నీ కట్టిపెట్టేది పైడమ్మ. గోపాలపూర్ ఒడ్డున జాలరి ఇంట్లో పుట్టింది. అప్పుడు పైడన్న అని పేరు పెట్టారు. ఊహ తెలిశాక పైడమ్మ అని తనే దిద్దుకుంది. అందరి చీరా మొక్కు కోసం. ఈవిడ జాతర అయిపోయినా విప్పదు. ఊరికి ఈవిడతో వచ్చిన చిక్కల్లా అదే.

పైడమ్మ తల్లి దానమ్మ. ఎండుచేపలు అమ్ముతుంది. గంప దింపుకోవడానికి మా కొట్టు దగ్గర ఆగుతుంది. మా వైపు మగపిల్లాణ్ణి 'ఒరే' అంటారు, ఆడపిల్లని 'ఓలే' అంటారు. దానమ్మ వచ్చీరాగానే, "ఒరే పైడన్నా, మంచినీల్లు ఇయ్యిరా" అనేది.

"ఒరే అనకే అమ్మా. ఓలే అను."

"ఏటి తేడా? నీల్లు నీల్లే కదా."

"నీల్లకి తేడా నేదు. నాకున్నాది."

"సూడు, సర్కారోల్లు పదిమందిలో నిన్ను పైడమ్మని పిలిస్తే నానూ పిలుస్తాను. ముందు నానే పిలిసీసినాననుకో, ఆ ఒడ్డు మీద నన్ను గంప దించనిస్తారేటి? మీ బాబు లేడు. నీకు పాటలున్నాయి. నాకా గంపే ఉన్నాది."

పైడమ్మ గ్లాసు కడిగి నీళ్ళిచ్చేది. తల్లి వెళ్ళాక చీరలు మడతపెడుతూ పాడుకునేది. పాట తనదే:

"అలకి పేరెవులెట్టినారే అమ్మా,
ఒడ్డుకొచ్చి తనే సెప్పుకుంది."

హీరోయిన్ కోసం డైరెక్టరు మహాపాత్రో ఊరంతా తిరుగుతూ మా కొట్టు ముందు ఆగింది ఈ పాట వినే. పిలక జుట్టు, మెళ్ళో కెమెరా, వచ్చీరాని తెలుగు. పాట పూర్తిగా విని, తను రాసుకున్న కథ చింపేశాడు. పైడమ్మ కథే కథ అన్నాడు. హీరోయిన్ పేరు కూడా పైడమ్మే. వేసేది కూడా పైడమ్మే.

ఆ సాయంత్రం పైడమ్మ నా దగ్గరికొచ్చి, "మావా, సర్కారు తెర మీద నా పేరేస్తాది. మా యమ్మ మాట తప్పదు" అంది. అంతకుమించి ఆవిడకి సినిమాతో పనిలేదు. డబ్బెంత అని కూడా అడగలేదు. నేనడిగాను. చెప్పలేదు.

పథకంలో ఒక నియమం ఉంది. హీరోయిన్ వేసే మనిషికి, ఆ మనిషి ఆ మనిషేనని ఛత్రపూర్‌లోని జిల్లా ఆఫీసు నుంచి కార్డుండాలి. నేనూ పైడమ్మా బస్సెక్కి వెళ్ళాం. అక్కడి గుమస్తా కొండబాబు. మనవాడే, ఇచ్ఛాపురం వైపు. చాలా నిజాయితీపరుడు, కాగితం లేకుండా తన కంటిని తనే నమ్మడు.

"చీర కట్టుకొచ్చి ఆడదాన్నంటే ఎలాగమ్మా... బాబూ... ఏదైతే అది" అన్నాడు. "ఇది జాతర టైము. నిన్న మా హెడ్‌క్లర్కు కూడా చీరలోనే వచ్చి సంతకాలు పెట్టాడు. రేపు ఆయనకీ కార్డిమ్మంటావా?"

"ఆయన జాతరయ్యాక విప్పేస్తాడు బాబూ. నాను విప్పను."

"అయితే విప్పనప్పుడు రా."

"విప్పనప్పుడే కదా వొచ్చినాను."

"అలా కాదు. విప్పే టైములో విప్పలేదని సాక్ష్యం ఉండాలి. జాతరకి ముందు విప్పలేదన్నావనుకో, అది జాతర కోసం ప్రాక్టీసు అంటారు ఆడిట్‌వాళ్ళు. జాతర తరవాత అన్నావనుకో, మొక్కు తీరలేదంటారు."

పైడమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "మీరు పేంటు తొడుక్కొచ్చినారు. మీరు మగోరని కార్డు మీకెవులిచ్చినారు బాబూ?"

"నాది కంపాషనేట్ గ్రౌండ్స్" అన్నాడు కొండబాబు గర్వంగా. "మా నాన్న పోతే ఇచ్చారు."

కార్డు జాతర తరవాత చూద్దామన్నాడు. డైరెక్టరు మాత్రం రిహార్సల్స్ మొదలుపెట్టేశాడు.

సరిగ్గా ఇక్కడే వైకుంఠరావు గారి త్యాగం మొదలవుతుంది. కార్పొరేషన్ ఎన్నికల్లో టిక్కెట్టొస్తే జాతరకి ఆడవేషం కడతానని ఆయన అమ్మవారికి మొక్కుకున్నారు. టిక్కెట్టొచ్చింది. డిపాజిట్టు పోయింది. గెలిపించమని తాను అడగలేదు గనక అమ్మవారి తప్పేమీ లేదని, పత్రికల వాళ్ళని పిలిచి మరీ చెప్పి, మొక్కు తీర్చడానికి మా కొట్టుకొచ్చారు. పైడమ్మే చీర కట్టింది. నా దగ్గరున్న అన్నిటికన్నా మంచి చీర, ఆకుపచ్చ బరంపురం పట్టు. ఆయనకి బొజ్జ మీద కుచ్చిళ్ళు నిలవడం లేదు.

"ఊపిరి బిగపట్టండి బాబూ."

"ఎంతసేపే?"

"జాతరయ్యేదాకా."

మీసం తియ్యలేదు. అది పార్టీ పోస్టర్ల మీద అచ్చయిన మీసం. చీర, మీసం, మల్లెపూలతో ఆయన వీధిలోకి దిగితే జనం కాళ్ళమీద పడ్డారు. ఎన్నికలప్పుడు ఆయన అందరి కాళ్ళూ పట్టుకున్నారు కదా, బాకీ తీరింది.

అదే వారం ఢిల్లీ నుంచి కాత్యాయనీ మేడం తనిఖీకొచ్చారు. పథకానికి సగం డబ్బు కేంద్రానిదే. హైదరాబాదులో పుట్టిన మనిషి, తెలుగు బాగా మాట్లాడతారు. మనసు కూడా మెత్తన. హీరోయిన్ని చూసి, నాలుగు మాటలు రాసుకుని వెళ్ళాలి.

ఆ పూట రిహార్సల్ మా కొట్టు వెనక షెడ్డులో. హీరోయిన్ని కొట్టే తండ్రి వేషగాడు రాలేదు. అతను పులి మొక్కులో ఉన్నాడు, ఒంటిమీద చారలు జాతరయ్యేదాకా చెరపకూడదు. తండ్రి పాట పైడమ్మకి తప్ప ఎవరికీ రాదు. డైరెక్టరు బతిమాలాడు, ఒక్క గంట చొక్కా తొడుక్కుని, మీసం అంటించుకుని పాడమని.

పైడమ్మ ఆ మీసాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మావా, పుట్టినకాడ్నించి ఏసిందీ వేషమే కదా. ఒగ్గీడానికి నాకు సగం బతుకు పట్టింది. మల్లీ ఎయ్యమంటారేటి?"

"గంటేనమ్మా" అన్నాను నేను. గమ్ము రాసింది కూడా నేనే, మన కొట్టు సరుకు గట్టిది.

మేడం లోపలికి వచ్చేసరికి షెడ్డులో ఒక మూల చొక్కా, మీసంతో పైడమ్మ. ఇంకో మూల కుర్చీలో ఆకుపచ్చ పట్టుచీరతో చైర్మన్ గారు, చుట్టూ దండాలు పెడుతున్న జనం. మేడం నేరుగా కుర్చీ దగ్గరికెళ్ళి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. తన ఎన్నికల టిక్కెట్టు గురించి అడగబోతున్నారనుకుని వైకుంఠరావు గారు సర్దుకుని కూర్చున్నారు.

"మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసిందండీ?" అన్నారు మేడం.

"ఆఖరి రోజునమ్మా. అప్పుటిదాకా నాకే నమ్మకం లేదు. పైనుంచి పిలుపొచ్చింది. ఇంక దాసుకోకూడదు, బయటపడిపోవాల అనుకున్నాను."

మేడం రాసుకున్నారు. "ఇంట్లో వాళ్ళు?"

"మా ఆడది ఏడ్సిందమ్మా. పరువు తీస్తావేటి, వొద్దు అంది. నాను సెప్పినాను, ఇది నా రగతంలో ఉన్నాది. మా బాబూ ఇలగే బయటపడినాడు."

"నాన్నగారు కూడానా?"

"మూడుసార్లు."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సమాజం బాగా బాధపెట్టి ఉంటుంది."

"సమాజం నయమే. సొంతోల్లే ఎన్నుపోటు పొడిసినారు. పగలంతా నాతో తిరిగీవోరు, సీకటి పడితే అవతలోడి పక్కన సేరీవోరు."

"ఎప్పుడైనా మళ్ళీ మారిపోదామని అనిపించలేదా?"

"సచ్చినా మారను. మారినోల్లని సూసినాను కదమ్మా. ఇటూ కాకుండా అటూ కాకుండా పోనారు."

మేడం లేచి ఆయన్ని కావలించుకున్నారు. నా ముప్పయ్యేళ్ళ వ్యాపారంలో, అద్దెకిచ్చిన చీరకి ఢిల్లీ నుంచి అంత గౌరవం దక్కడం నేను చూడలేదు. "దేశానికి కావలసిన హీరోయిన్ మీరే" అన్నారు మేడం.

పైడమ్మ చొక్కాతోనే ముందుకొచ్చింది. "అమ్మా, పైడమ్మని నాను. పాట నాది, కత నాది. ఈ బాబు మొక్కు కోసం సీర కట్టినాడు."

మేడం ఆ మీసం వంక చూశారు. కోపం రాలేదు, జాలిపడ్డారు. "ఇదేనండీ మన మగవాళ్ళతో చిక్కు. ఇలాంటివాళ్ళకి దొరికే ఒక్క చోటు కూడా లాగేసుకుంటామంటారు. మీరు తండ్రి పాత్రలో చాలా సహజంగా ఉన్నారు. అదే చెయ్యండి."

పైడమ్మ మీసం పీకబోయింది. రాలేదు. చెప్పాను కదా, మన సరుకు గట్టిది.

వైకుంఠరావు గారు నిజాయితీగా మొదట కంగారుపడ్డారు. మేడం బయటికెళ్ళగానే, "ఒరే తవిటీ, ఇదేటిరా, మా ఆడదానికేటి సెప్పాల" అన్నారు. అప్పుడు మంత్రిగారి పి.ఎ. వచ్చి చెవిలో ఒక మాట చెప్పాడు. హీరోయిన్ వేసిన వారినే కొత్తగా పెట్టబోయే ఆత్మగుర్తింపు మండలికి అధ్యక్షుల్ని చేస్తారు. సర్కారు కారు, ఇద్దరు గన్‌మెన్‌లు. వైకుంఠరావు గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"నా లోపల ఏదో ఉన్నాదని నాకు సిన్నప్పట్నించీ అనుమానమేరా" అన్నారు కళ్ళు తెరిచి.

"ఏటి బాబూ ఉన్నాది?"

"అది కమిటీ తేలుస్తాది."

కమిటీకి చైర్మన్ ఆయనే గనక అక్కడే తేల్చారు. ఛత్రపూర్ కార్డుని కొండబాబు స్వయంగా స్కూటరు మీద పట్టుకొచ్చి, ఇంట్లో ఇచ్చి, దండం పెట్టి వెళ్ళాడు. సాక్ష్యం అడగలేదు. ఊరంతా కళ్ళారా చూసింది కదా.

షూటింగు గోపాలపూర్ ఒడ్డున జరిగింది. మేడం మాట ప్రకారం తండ్రి వేషం పైడమ్మ చేతే వేయించారు. హైకమాండు నుంచి మీసం తియ్యడానికి అనుమతి రావడం ఆలస్యమైంది. అందాకా మూడు పాటలు కొంగు అడ్డం పెట్టుకుని చేశారు. ఆ తరవాత ఒక పత్రిక, హీరోయిన్ గారి సిగ్గు అద్భుతం అని రాసింది. డాన్సు మేష్టరు ఎన్ని తంటాలు పడినా ఆయనకి వచ్చిన కదలిక ఒక్కటే. రెండు చేతులూ జోడించి కుడివైపు ఓ దండం, ఎడమవైపు ఓ దండం. చేసేదిలేక వెనకున్న అరవైమంది డాన్సర్లకీ అదే నేర్పారు. ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్న పోతయ్య చాలాసేపు చూసి, "ఎలచ్చన్లు మల్లీ వొచ్చీసినాయేటి?" అనడిగాడు.

గొంతు మాత్రం పైడమ్మదే కావలసి వచ్చింది. వైకుంఠరావు గారు పాడితే మైకు కుర్రాడు మైకు పాడైందనుకుని విప్పేశాడు. డైరెక్టరు మళ్ళీ బతిమాలాడు.

"పాడతాను" అంది పైడమ్మ. "తెర మీద 'పాడినది పైడమ్మ' అని ఏస్తారా?"

"హఉ, హఉ" అన్నాడు డైరెక్టరు. ఒడియాలో అవునని. అతను అబద్ధమాడలేదు. ఆ మాట అన్నప్పుడు అతనికి నిజంగా అలా వెయ్యాలనే ఉంది.

పాటలో ఒక్క చిన్న మార్పు జరిగింది. 'అల' అంటే ఎదుటి పార్టీవాళ్ళు ఎన్నికల్లో మా అల లేచిందని ఊదరగొట్టిన మాట. కమిటీ దాన్ని తీసేసింది. పైడమ్మ స్టూడియోలో ఈ విధంగా పాడింది:

"పథకానికి పేరెవులెట్టినారే అమ్మా,
మంత్రిగారొచ్చి తనే సెప్పినారు."

పాడి బయటికొచ్చి, "అలే నయం మావా. అది ఎవులి మాటా ఇనదు" అంది. తల్లికి మాత్రం కబురు పంపింది, బొమ్మ ఆడే రోజున గంప ఇంట్లో పెట్టి రమ్మని.

విడుదల రోజున బరంపురంలో హాలు నిండిపోయింది. మంత్రిగారు, మేడం, వైకుంఠరావు గారు ముందు వరస. ఆయన ఆకుపచ్చ పట్టుచీరలోనే వచ్చారు, ఇరుపక్కలా గన్‌మెన్‌లు. మా ముగ్గురికీ వెనక స్తంభం పక్కన చోటు దొరికింది. పైడమ్మ పసుపుచీర, నడుమ దానమ్మ, ఇటు నేను. దానమ్మ చేపల వాసన రాకూడదని రెండుసార్లు తలంటుకుని వచ్చింది, తలలో చేమంతులు.

దీపాలారాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"ఏటి రాసినారు బాబూ?" అంది దానమ్మ. ఆవిడకి చదువు రాదు.

నేను చదివాను. పైడమ్మ: శ్రీ దుక్క వైకుంఠరావు. ఆ కింద, తండ్రి: పైడన్న. ఆ కింద, గానం: ఆత్మగుర్తింపు మండలి.

"పైడమ్మ పేరు ముందే ఏసినారమ్మా" అన్నాను. అందులో అబద్ధం లేదు. పైడమ్మ నా వంక చూడలేదు, తెర వంకే చూస్తోంది.

బొమ్మ నడుస్తోంది. తండ్రి వచ్చి పిల్లని కొట్టాడు. దానమ్మ ఆ తండ్రిని చూసి, "ఓలమ్మ, మా ఆయన్లాగే ఉన్నాడు" అని గొణుక్కుంది. తరవాత సముద్రం, ఒడ్డు, ఆకుపచ్చ చీర, అరవైమంది దండాలు. పాట మొదలైంది.

దానమ్మ ఒక్కసారి కదిలింది. పక్కకి తిరిగి పైడమ్మ మొహంలోకి చూసింది, మళ్ళీ తెర వంక చూసింది.

"ఓలే" అంది. "నువ్వేనేటే పాడతన్నావు?"

పైడమ్మ తల ఊపింది.

దానమ్మ లేచి నిలబడింది. "నా కూతురే ఆ పాడతంది" అంది హాల్లో అందరికీ వినబడేలా. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు. "ఎందుకు కూకోవాల? నా కూతురు పాడతంటే నాను నిలబడే ఇంటాను. మీరూ నిలబడండి."

సర్కారువాళ్ళు పిలిచేదాకా ఆగుతానన్న మనిషి. పైడమ్మ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతవరకే జరిగి ఉంటే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. కానీ మన సంబరాలకి వాలంటీర్లుంటారు. హీరోయిన్ గారి తల్లి హాల్లో ఉందన్న వార్త ముందు వరసకి చేరిపోయింది. దీపాలు వెలిగాయి. ఇద్దరు కుర్రాళ్ళొచ్చి దానమ్మని స్టేజీ మీదికి నడిపించబోయారు. పైడమ్మ చెయ్యి వదల్లేదు. ఒక కుర్రాడు ఆవిడలో తెర మీది తండ్రిని గుర్తుపట్టి, మర్యాదగానే విడిపించాడు.

"నాన్నగారూ, మీరు కూర్చోండి. మీకు వేరే శాలువా ఉంది" అన్నాడు.

స్టేజీ మీద వైకుంఠరావు గారు దానమ్మ కాళ్ళమీద పడ్డారు. కాళ్ళమీద పడటంలో జిల్లాలో ఆయనకి సాటి లేరు.

దానమ్మ మైకు ముందు నిలబడి, "ఈ బాబెవులు?" అంది.

వైకుంఠరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇనండి. మా యమ్మ నన్ను ఇన్నాల్లూ బాబూ అనే పిలిసింది" అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కాత్యాయనీ మేడం ఏడ్చేశారు.

మంత్రిగారు మైకు దానమ్మ నోటి దగ్గర పెట్టారు. "తల్లీ, ఇవాళ ఒక్కసారి నీ కూతుర్ని నోరారా పిలువు. రాష్ట్రమంతా వింటుంది."

దానమ్మ మంత్రిగారిని చూసింది, ఆకుపచ్చ చీరని చూసింది. మా స్తంభం వైపు తిరిగింది. "ఓలే పైడమ్మా" అని పిలిచింది. ఒడ్డు మీద నుంచి పడవకి వినబడేలా పిలిచే గొంతు అది. "రాయే, ఎల్లిపోదాం."

"వొస్తన్నానే అమ్మా" అన్నారు వైకుంఠరావు గారు.

ఫోటోలు తీశారు. దానమ్మ ఆయన్ని పక్కకి నెట్టి, "నువ్వు కాదు బాబూ, నా కూతురదిగో" అని వేలు చూపించింది. హాలంతా తిరిగి చూసింది. పసుపుచీరలో పైడమ్మ అప్పటికే మా వరస దాటి నడవలోకి వచ్చేసింది. మంత్రిగారు చాలా సంతోషించారు. "హీరోయిన్ గారి తండ్రి కూడా సందర్భానికి తగ్గట్టు వేషంలో వచ్చారు" అన్నారు. ఆ ఊపులోనే మేడం సలహా అడిగి, ఇంకో ప్రకటన కూడా చేశారు. హీరోయిన్ గారు తన అసలు రూపాన్ని మొట్టమొదట ఏ స్థలంలో ధరించారో, ఆ స్థలంలో సర్కారు ఆత్మగుర్తింపు భవనం కడుతుంది.

"తవిటయ్య కొట్లోనండి" అన్నారు వైకుంఠరావు గారు. "గోసాని నువాగాంలో."

నాకు కూడా చప్పట్లు కొట్టారు. ముందు నేనూ కొట్టాను.

బయట దానమ్మ గోపాలపూర్ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, కండక్టర్ని కదలనివ్వకుండా నిలబడి ఉంది. పైడమ్మ నడవలో తనకి కప్పేసిన శాలువా ఎవరికో ఇచ్చేసి పరిగెత్తుకొచ్చింది. "ఓలే, ఎక్కవే తొరగా" అంది తల్లి. బస్సులో నలుగురూ చూశారు. దానమ్మ వాళ్ళని కూడా చూసింది. ఇద్దరూ ఎక్కి వెళ్ళిపోయారు. పేపర్లో మర్నాడు ఆ ఇద్దరి ఫోటో లేదు. దానమ్మ, వైకుంఠరావు గార్ల ఫోటో ఉంది, కింద 'తల్లీకూతుళ్ళు' అని.

తరవాత పదిహేను రోజులకి సర్వేవాళ్ళు వచ్చారు. వైకుంఠరావు గారు సర్కారు కారులోంచి దిగకుండానే, ఎక్కడ నిలబడి చీర కట్టుకున్నారో వేలితో చూపించారు. స్మారకం కదా, చుట్టూ కాస్త ఖాళీ ఉండాలన్నారు. కొలత గొలుసు నేను కూడా ఒక కొస పట్టుకున్నాను. మా తాత కొన్న జాగా, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే తొందరగా తేలిపోయింది. భవనానికి పోయింది మొత్తం మూడు డిసిమిళ్ళు, అంటే మూడు సెంట్లు, గుమ్మం ముందు మెట్టు కూడా కలుపుకుని.